పహిల్వాన్ ఖురాక్

జహీరాబాద్ బజారులో హఫీజుద్దీన్ ఇల్లెక్కడ అని అడిగితే ఏ హఫీజుద్దీన్ అని ఎదురడిగేవాళ్లు. పహిల్వాన్ ఇల్లు అంటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి గుమ్మం దాకా దిగబెట్టి పోయేవాళ్లు. ముఖ్తార్ ఆ పహిల్వాన్‌కు తమ్ముడు, తొమ్మిదేళ్లు చిన్నవాడు. తండ్రి పోయేనాటికి ముఖ్తార్‌కు ఏడేళ్లు. అప్పటినుంచి అతని బడి, బట్టలు, కుట్టుపని నేర్పిన ఉస్తాదు, చివరికి సొంత మిషను, అన్నీ అన్న కుస్తీల్లో గెలిచి తెచ్చిన బహుమానాల మీదే నడిచాయి. అన్న మాటకు ఎదురు చెప్పడమన్నది ముఖ్తార్ ఎరగడు. అన్న కూడా అతన్ని ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగడు. ఇవ్వడమే తప్ప.

పంతొమ్మిది వందల యాభై ఆరులో, బీదర్ అవతల ఒక జాతరలో, హఫీజుద్దీన్ ఎడమ భుజం కీలు ఊడింది. కట్టు కట్టారు, నూనెలు రాశారు, మూడు నెలలు చేయి మెడకు వేలాడింది. ఆ చేయి మళ్లీ తల పైకి లేవలేదు. ఇరవై ఆరేళ్లకే కుస్తీ అయిపోయింది. కుస్తీ నేర్చిన తాలీంలో మట్టి తవ్వడం, తెల్లవారకముందే వెయ్యి బైఠకులు తీయడం, రాయికోడ్ దారిలో మూడు మైళ్లు పరుగెత్తడం, అన్నీ ఒక్కరోజుతో ఆగిపోయాయి.

ఆగనిదల్లా ఖురాక్. పహిల్వాన్ల తిండిని అట్లా అంటారు. పొద్దున రెండు సేర్ల పాలు, బాదం గసగసాలు నూరిన ముద్ద, దాని మీద గరిటెడు నెయ్యి. మధ్యాహ్నం నెయ్యిలో తేలే మాంసం. రాత్రికి మేక కాళ్ల పాయా, నాలుగు గుడ్లు. తల్లి ఉమ్రావ్ బేగం పదేళ్లుగా తన చేత్తో కలిపి పెట్టింది అది. కోడలు రఫియా వచ్చాక పొయ్యి కోడలిదైంది కానీ కొలత అత్తగారిదే.

"మట్టిల దిగకపోతేంది? పేరు పహిల్వానే గద," అనేది ఉమ్రావ్ బేగం. "తిండి తగ్గిస్తే ఒళ్లు కూలబడ్తది. నలుగురు చూసి నవ్వుతరు."

ఇంటికి వచ్చిన చుట్టాలు రఫియా వంటను మెచ్చుకునేవాళ్లు. పహిల్వాన్‌ను ఇట్లా సాకడం అందరివల్లా కాదనేవాళ్లు. రాయికోడ్ నుంచి పదిహేడేళ్లప్పుడు కాపురానికి వచ్చిన పిల్ల ఆ మాటకు సిగ్గుపడి పరదా వెనక్కి జరిగేది.

కుస్తీ పోయిన ఏడాదే బెల్లం మండీ యజమాని రామ్‌కిషన్ సేఠ్ పహిల్వాన్‌ను పిలిచి కొలువిచ్చాడు. చెరకు కాలంలో బెల్లం బండ్లు వరసగా వచ్చి నిలిచేవి. బొంబాయి రోడ్డు లారీలు బెల్లం కోసం కాచుకునేవి. ముందు నాదంటే నాదని బండ్లవాళ్లూ, డ్రైవర్లూ, హమాలీలూ కలబడని రోజు ఉండేది కాదు.

"నువ్వేం పని చెయ్యకు పహిల్వాన్," అన్నాడు సేఠ్. "గా దర్వాజ కాడ కుర్చీల కూసో. నిన్ను చూస్తే సాలు."

అదీ పని. పొద్దున ఎనిమిదింటికి వేప చెక్కతో చేయించిన వెడల్పాటి కుర్చీలో కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టేవేళ లేవడం. ఆ కుర్చీ కదిలిందంటే మండీలో నోళ్లు మూతపడేవి. కుస్తీ రోజుల్లో సిగరెట్ వాసన తగిలినా ఉస్తాదు తాలీం నుంచి గెంటేసేవాడు. ఇప్పుడు ఆ అడ్డు లేదు. వచ్చే పోయే డ్రైవర్లు మర్యాదకు ఒకటి ఇచ్చేవాళ్లు. మర్యాదకు కాల్చింది అలవాటైంది, అలవాటు రోజుకు మూడు పెట్టెలైంది. గంటకోసారి చాయ్, దాంతో ఉస్మానియా బిస్కట్లు. లేచి నడిచే అవసరం దేనికీ లేదు. అడిగింది కుర్చీ దగ్గరికే వచ్చేది.

అన్న ఒళ్లు ఎట్లా మారిందో ముఖ్తార్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఏటా రంజాన్‌కు అన్న బట్టలు తనే కుట్టేవాడు. ఛాతీ కొలత ఏళ్లతరబడి నలభై ఆరే. నడుం మాత్రం ముప్పై నాలుగు నుంచి ముప్పై తొమ్మిదికి, అక్కడినుంచి నలభై ఐదుకు వచ్చింది. టేపు చుట్టినప్పుడు అన్న నవ్వేవాడు. "నీ టేపు కుంచించుకపోతున్నదిరా ఛోటే." ముఖ్తార్ దుకాణం బట్టల కొట్టు మీద, మేడపైన ఉండేది. ఒకప్పుడు మూడంగల్లో ఎక్కి వచ్చే మనిషి సగం మెట్ల దగ్గర ఆగి, కిందికి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నిలబడేవాడు. తర్వాత ఎక్కడమే మానేసి వీధిలోంచి కేకేసేవాడు. మండీలో పెద్దమనిషి అయ్యాడు, మెట్లెక్కడం ఏం బాగుంటుందని ముఖ్తార్ అనుకున్నాడే గాని ఇంకోటి అనుకోలేదు.

అరవై రెండు చలికాలంలో ఒక పొద్దున, పాయాతో రొట్టెలు తిని చెయ్యి కడుక్కుంటూ హఫీజుద్దీన్ ఎడమ భుజం పట్టుకున్నాడు.

"చలికి పాత దెబ్బ లేచినట్టున్నది. జర నూనె రాయిరా."

ముఖ్తార్ నువ్వుల నూనె వెచ్చజేసి తెచ్చాడు. గోడకు ఆనించి కూర్చోబెట్టి భుజం నుంచి మోచేతి దాకా పిసికాడు. నొప్పి తగ్గలేదు సరికదా దవడలోకి పాకింది. మళ్లీ రాశాడు. గంట దాటింది. రఫియా తలుపు చాటున నిలబడి చూస్తోంది.

"మియా, గా చెమట చూడున్రి," అంది మరిదితో నెమ్మదిగా. "గింత చలిల చెమటలేంది?"

"నూనె వేడికి భాభీ."

"నూనె భుజానికి రాసిన్రు. చెమట నొసటికొచ్చింది."

ఉమ్రావ్ బేగం ఆమెను లోపలికి పొమ్మంది. వాము కాచి తెస్తానని తనే లేచింది. అంతలో చిరాగ్‌పల్లి నుంచి బెల్లం బండితో వచ్చిన గురులింగప్ప, మండీలో పహిల్వాన్ కనబడక ఇంటికి వచ్చాడు. హఫీజుద్దీన్‌తో పాటు ఒకే తాలీంలో పెరిగిన మనిషి. ఇద్దరిదీ ఒకే ఈడు. కుస్తీ మానేసి అల్లం, చెరకు పెడుతున్నాడు. సన్నగా, నల్లగా, కర్రలాగా ఉంటాడు. వచ్చి ఎదురుగా గొంతుకూర్చుని స్నేహితుడి ముఖం చూశాడు. భుజం మీద వేళ్లు పెట్టి గట్టిగా నొక్కాడు.

"ఈడ నొస్తున్నదా?"

"లేదు. లోపట..." హఫీజుద్దీన్ అరచేయి రొమ్ము మీద పెట్టుకున్నాడు. "బండరాయి పెట్టినట్టున్నది లింగన్నా."

"నీ భుజాన్ని మట్టిల వందసార్లు పట్టిన. నొప్పి భుజానిది గాదు. ముఖ్తార్, బండిల బెల్లం దింపు."

ముద్దలన్నీ వాకిట్లోనే దింపేసి, గడ్డి పరిచి, పహిల్వాన్‌ను పడుకోబెట్టి డాక్టర్ అమర్నాథ్ ఇంటికి తోలారు. పట్నంలో చదివి వచ్చిన కుర్ర డాక్టరు ఆయన. చెవులకు గొట్టం పెట్టుకుని చాలాసేపు విన్నాడు. ఇంజెక్షన్ ఇచ్చాడు. ఎంతసేపటినుంచి నొప్పి అని అడిగితే ముఖ్తార్ నూనె సంగతి చెప్పాడు. డాక్టర్ వెంటనే సేఠ్ జీపు అడిగి తెప్పించి హైదరాబాదు పెద్ద దవాఖానకు తనే వెంట వెళ్లాడు.

అక్కడ గుండె పటం తీశారు. ఆరు వారాలు మంచం దిగనివ్వలేదు.

ఇంటికి తెచ్చాక అమర్నాథ్ వచ్చి చూసి, బయటి గదిలో కూర్చుని చాయ్ తాగుతూ విషయం చెప్పాడు. పరదా వెనక రఫియా, గడప దగ్గర ఉమ్రావ్ బేగం, ఎదురుగా ముఖ్తార్.

"గుండెకు రక్తం తీసుకపోయే నరం ఒకటి మూసుకపోయింది. గుండెల కొంత భాగం చచ్చిపోయింది. అది మళ్ల బతకదు. మిగిలింది కాపాడుకోవాలె."

"ముప్పై రెండేండ్లు డాక్టర్ సాబ్," అన్నాడు ముఖ్తార్. "పహిల్వాన్. గీ బీమారి ముసలి సేఠ్‌లకు గద వచ్చేది?"

"ఆరేండ్ల కిందట పహిల్వాన్. ఇప్పుడు పొద్దంత కుర్చీల కూసునే మనిషి. తిండి మాత్రం ఇంకా పహిల్వాన్‌దే. వెయ్యి బైఠకులు తీస్తే కరిగే నెయ్యి ఊకె కూసుంటే యాడికి పోతది? దాని మీద మూడు పెట్టెల సిగరెట్లు." డాక్టర్ కప్పు కింద పెట్టాడు. "మీ నాయన ఎట్ల పోయిన్రు?"

"నిద్రల పోయిన్రు. నలభై ఒకటో ఏట."

డాక్టర్ ముఖ్తార్ వైపు కాసేపు చూశాడు. "నీకు సిగరెట్ అలవాటున్నదా?"

"లేదు సాబ్."

"మొదలుపెట్టకు. మీ ఇంట్ల మగవాళ్లు తక్కినోళ్లకన్న ఎక్కువ జాగ్రత్తగ ఉండాలె."

పరదా వెనకనుంచి రఫియా అడిగింది. ఏం పెట్టాలి, ఏం పెట్టొద్దు, ఎంత, ఎప్పుడు. ఒక్కొక్కటే అడిగి, విని, మళ్లీ అడిగింది. నెయ్యి మానాలి, మేక మాంసం మానాలి, మీగడ తీసిన పాలు గ్లాసెడు, జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, ఉప్పు సగం. సిగరెట్ ఒక్కటి కూడా వద్దు. రెండు నెలలయ్యాక పొద్దున మెల్లగా నడవాలి, రోజూ కాస్త కాస్త పెంచాలి. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి చిన్న మాత్రలు ఇచ్చాడు.

ఆ రోజునుంచి రఫియా మారిపోయింది. అత్తగారు చెప్పినట్టు కొలిచిన మనిషి, డాక్టర్ చెప్పినట్టు కొలవడం మొదలుపెట్టింది. నేతి జాడీని దూలం మీదికి ఎక్కించింది. ఐదేళ్ల కూతురు ఖాతూన్‌కు ఎవరైనా మిఠాయి ఇచ్చినా, ఇంట్లోకి తేవద్దని వాకిట్లోనే తినిపించేది. ప్రతి చొక్కా జేబులోనూ మాత్రల పొట్లం పెట్టి గుండీ వేసేది. మొగుడు పళ్లెం ముందు కూర్చుని మాటలేకుండా ఆకుకూర నమిలేవాడు. ఉమ్రావ్ బేగం అది చూడలేక లేచి వెళ్లిపోయేది.

"పులికి గడ్డేస్తున్నది," అనేది పొరుగింటివాళ్లతో. "డాక్టర్ పిల్లగాడు. వానికేం తెలుసు పహిల్వాన్ ఒళ్లు ఎట్లుంటదో. నా కొడుకును ఎండబెడ్తున్నది."

హఫీజుద్దీన్ నిజంగానే చిక్కాడు. మెడ సన్నబడింది. బుగ్గలు లోపలికి పోయాయి. చూడవచ్చినవాళ్లు అయ్యో ఇదేంది పహిల్వాన్ అని అతని ముందే అనేవాళ్లు. ఆ మాట పడ్డప్పుడల్లా అతను చాదర్ మెడదాకా లాక్కునేవాడు. మండీలో కుర్చీ ఖాళీగానే ఉందని సేఠ్ కబురు చేశాడు. ఎప్పుడు వస్తావని మాత్రం అడగలేదు.

ఒకరోజు అన్న ముఖ్తార్‌ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"చొక్కా భుజాలల్ల కాన్వాస్ గుడ్డ పెట్టి కుడ్తవా? కోట్లకు పెడ్తరు గద, గట్ల. రెండు పొరలు పెట్టు."

ముఖ్తార్ కుట్టాడు. వీపుకు కూడా ఒక పొర వేశాడు. వేసుకుంటే పాత మనిషిలో సగమైనా కనబడ్డాడు. అన్న అద్దంలో చూసుకుంటుంటే ముఖ్తార్ తల దించుకుని సూదికి దారం ఎక్కిస్తూ కూర్చున్నాడు.

నడక మొదలైంది. తోడుగా పొమ్మని రఫియా ముఖ్తార్‌నే అడిగింది. సూర్యోదయానికి ఇద్దరూ బొంబాయి రోడ్డు ఎక్కి చిరాగ్‌పల్లి వైపు నడిచేవాళ్లు. మొదటి వారం ఫర్లాంగు, తర్వాత రెండు. రెండువైపులా చెరకు, మంచు, ఎదురొచ్చే లారీలు. పదోరోజున రోడ్డు పక్కన డ్రైవర్ల హోటల్ ముందు అన్న ఆగాడు. లోపల కూర్చున్న డ్రైవర్లు లేచి సలాం చేశారు. వాళ్లకు అతనింకా పహిల్వానే. బెంచీ ఖాళీ చేసి కూర్చోబెట్టారు.

"ఛోటే," అన్నాడు హఫీజుద్దీన్. "ఒక్క సిగరెట్ ఇప్పియ్యరా."

"వద్దు భాయ్‌జాన్. డాక్టర్ ఏం చెప్పిండు?"

"ఒక్కటే. నిన్ను ఎన్నడన్న ఏమన్న అడిగిన్నా?"

అడగలేదు. చొక్కాలో కుట్టిన ఆ గుడ్డ తప్ప ఇరవై మూడేళ్లలో ఏదీ అడగలేదు. ముఖ్తార్ లేచి వెళ్లి తెచ్చాడు. అగ్గిపుల్ల తనే గీశాడు. మొదటి దమ్ము లాగినప్పుడు అన్న ముఖంలో వచ్చిన వెలుగు చూసి, తప్పు చేస్తున్నానన్న సంగతి ఆ పూటకు మరిచిపోయాడు.

మర్నాడు కూడా అడిగాడు. నాలుగు రోజులయ్యేసరికి అడగనవసరం లేకుండా పోయింది. నడక హోటల్ దాకా వచ్చి ఆగిపోయేది. అక్కడే గంట కూర్చునేవాళ్లు. సిగరెట్‌తో పాటు చాయ్ వచ్చింది, చాయ్‌తో పాటు ఒకనాడు కొవ్వు తేలే నహారీ మాంసం వచ్చింది. అన్న పాత కుస్తీల కథలు చెప్పేవాడు. ఏ ఊళ్లో ఎవర్ని ఏ పట్టు పట్టి పడేశాడో, బెంచీ మీదే భుజాలు తిప్పి చూపించేవాడు. డ్రైవర్లు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. ముఖ్తార్ పెద్దవాడయ్యాక అన్నతో అన్నేసి గంటలు కూర్చోవడం అదే మొదలు. ఒకరోజు అన్న తన చేతిలో సిగరెట్ సగంలో అతనికి అందించాడు. ముఖ్తార్ తీసుకున్నాడు.

తిరిగి వస్తూ ఇద్దరూ లవంగాలు నమిలేవాళ్లు. "ఎంత దూరం నడిచిన్రు?" అని రఫియా అడిగేది. "మైలు," అనేవాడు ముఖ్తార్. ఆమె తల ఊపి రొట్టెల దగ్గరికి పోయేది.

ఇంకో సంగతి కూడా అతనికి తెలుసు. మధ్యాహ్నం రఫియా నమాజుకు నిలబడ్డప్పుడు ఉమ్రావ్ బేగం చీర చెంగు కింద గిన్నె పెట్టుకుని కొడుకు గదిలోకి పోయేది. ఒకసారి ఎదురుపడ్డాడు. గిన్నెలో మూలుగ ఎముకల పులుసు, పైన వేలెడు మందాన నెయ్యి. తల్లీ ముఖ్తారూ ఒకరినొకరు చూసుకుని, చూడనట్టే పక్కకు జరిగారు.

అరవై మూడు ఏప్రిల్‌లో హఫీజుద్దీన్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. మండీ అంతా లేచి నిలబడిందట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కూతుర్ని కుడి భుజం మీద ఎక్కించుకున్నాడు. రఫియా వద్దని చేయి చాపి, అతని నవ్వు చూసి వెనక్కి తీసుకుంది.

తొమ్మిదో రోజు పొద్దున హోటల్ నుంచి తిరిగి వస్తున్నారు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. మాట మధ్యలో అన్న ఆగిపోయాడు. రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చున్నాడు.

"లేచిందిరా," అన్నాడు. "మళ్ల గదే."

ముఖ్తార్ అన్న జేబు గుండీ విప్పాడు. తొందరలో పొట్లం కింద పడింది. మట్టిలోంచి మాత్ర ఏరి అన్న నాలుక కింద పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. అన్న అతని మణికట్టు పట్టుకుని, కుస్తీలో పట్టినంత గట్టిగా పట్టుకుని, ఏదో చెప్పబోయాడు. తల ముఖ్తార్ కడుపుకు ఆనింది. పట్టు మెల్లగా వదులైంది.

బీదర్ వైపు పోతున్న లారీ ఆగింది. డ్రైవరూ ముఖ్తారూ కలిసి ఎత్తారు. ఊళ్లోకి తిప్పి డాక్టర్ ఇంటికి తెచ్చేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. అమర్నాథ్ చొక్కా విప్పి, భుజాల దగ్గర దళసరి గుడ్డ వేళ్లకు తగిలి, అదేమిటని ముఖ్తార్ వైపు చూశాడు.

ముప్పై మూడేళ్ల మనిషిని మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి చేశారు. జనాజా వెంట మండీ హమాలీలంతా నడిచారు. గురులింగప్ప చెప్పులు లేకుండా చివరిదాకా వచ్చాడు.

మూడోరోజు ఇల్లంతా ఆడవాళ్లు నిండి ఉన్నప్పుడు ఉమ్రావ్ బేగం గొంతు బయటి అరుగు మీదికి వినబడింది.

"నా కొడుకు రోగంతోని పోలేదు. ఆకలితోని పోయిండు. రొట్టె కొలిచి పెట్టింది, పాలు కొలిచి పోసింది. పహిల్వాన్‌ను ఎండబెట్టి చంపింది."

ఎవరో ఊరుకోమన్నారు. ఇంకెవరో అవునన్నారు. నెయ్యి లేకుండా నరాలు ఎండిపోవా అని ఒక ముసలామె అంది. రఫియా గొంతు ఎక్కడా వినబడలేదు. అరుగు మీద ముఖ్తార్ మగవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. అతని వేళ్లకు ఇంకా పొగాకు వాసన ఉంది. లేచి లోపలికి పోయి రెండు మాటలు చెప్తే చాలు. కూర్చున్నచోటునుంచి లేవలేదు.

ఆ తర్వాత రోజులన్నీ అట్లాగే పోయాయి. రఫియాను ఎవరూ పలకరించేవాళ్లు కాదు. మొగుడు పోయాక నాలుగు నెలల పది రోజులు పాటించే ఇద్దత్ కాబట్టి ఆమె గది విడిచి రాకూడదు. పళ్లెం గడప దగ్గర పెట్టి పోయేవాళ్లు. బజారులో కూడా ఆ మాటే తిరిగింది. దుకాణానికి వచ్చిన గిరాకీలు ముఖ్తార్‌తోనే అన్నారు, మీ వదిన డాక్టర్ మాట విని పహిల్వాన్‌ను పాడుచేసిందట గద అని. అతను మిషను తొక్కుతూ గట్టిగా చప్పుడు చేసేవాడు.

నలభయ్యో రోజున చుట్టాలు మళ్లీ పోగయ్యారు. రాయికోడ్ నుంచి రఫియా అన్న ఇనాయత్ వచ్చాడు. చెల్లెల్ని, మేనకోడల్ని తీసుకుపోతానని, మిగిలిన ఇద్దత్ పుట్టింట్లోనే గడుపుతుందని చెప్పాడు. ఇద్దత్ మధ్యలో ఆడమనిషి ఇల్లు మారడం ఎక్కడిదని ఒక పెద్దాయన అన్నాడు.

"ఇది ఇల్లయితే గద, చాచా," అన్నాడు ఇనాయత్. "నా చెల్లెను హంతకురాలన్నరట. ఆ మాటన్న ఇంట్ల ఎట్ల ఉంటది?"

ముఖ్తార్ లేచి నిలబడ్డాడు. గొంతు పైకే వచ్చింది.

"భాభీ తప్పు లేదు. భాయ్‌జాన్‌కు సిగరెట్లు నేను ఇప్పిచ్చిన. రోజూ. నడక అని చెప్పి హోటల్ల కూసున్నం. నహారీ తిన్నం. పోయిన రోజు గూడ రెండు సిగరెట్లు కాల్చిండు. అగ్గిపెట్టె నాదే."

తల్లి గిన్నె సంగతి అతను చెప్పలేదు. పరదా వెనక గాజుల చప్పుడొకటి వినబడి ఆగిపోయింది. పెద్దాయన గడ్డం నిమురుకుని, "చచ్చినోన్ని ఎందుకు బద్నాం చేస్తవ్ బేటా," అన్నాడు. అంతే. అందరూ పోయినవాడి కోసం ఫాతిహా చదవడానికి లేచారు.

రఫియా ఆ రోజే వెళ్లిపోయింది. బస్సు దాకా మూట మోసుకుని ముఖ్తార్ వెంట నడిచాడు. ఇనాయత్ టిక్కెట్ల కోసం ముందుకు పోయినప్పుడు బుర్ఖాలోంచి ఆమె అంది.

"నాకు తెలుసు మియా."

"ఏంది భాభీ?"

"చొక్కాలు ఉతికేది నేనే గద. పొగ వాసన లవంగాలకు పోతదా? గిన్నె సంగతి గూడ తెలుసు."

ముఖ్తార్ మూట కింద పెట్టాడు. "మరి ఎందుకు అడగలే?"

ఖాతూన్ ఆమె చెయ్యి పట్టి లాగుతోంది.

"పొద్దున మీరిద్దరు తిరిగొచ్చేటప్పుడు ఆయన నవ్వుకుంట వచ్చేది. ఇంట్ల నా ముఖం చూస్తే నవ్వు పోయేది. నేను ఆకుకూర పెట్టేదాన్ని గద. గా నవ్వు గూడ నేనే తీసెయ్యాల్నా అనిపించింది. అడగాలె అనుకుంటనే రోజులు గడిపిన." బస్సు ఎక్కుతూ ఆగింది. "నా తప్పు లేదని నలుగుర్ల చెప్పిన్రు. కాని ఉన్నది మియా."

బస్సు పోయాక ముఖ్తార్ దుమ్ములో నిలబడి ఉండిపోయాడు. ఏడవడానికి కూడా చాటు లేని చోటది.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. తల్లి అతనితో పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు పళ్లెం ముందు పెట్టి కూర్చుంది. నెయ్యిలో తేలే మాంసం, నాలుగు గుడ్లు.

"నాకు మిగిలింది నువ్వొక్కనివే. తిను."

అతను తిన్నాడు. వద్దంటే ఆమె ముఖం ఎట్లా అవుతుందో చూసే ధైర్యం లేక తిన్నాడు. రోజూ తిన్నాడు. సిగరెట్ కూడా వదల్లేకపోయాడు. మిషను ముందు కూర్చుని ఒకటి తర్వాత ఒకటి కాల్చేవాడు. కాల్చినప్పుడల్లా హోటల్ బెంచీ, అన్న గొంతు దగ్గరికి వచ్చినట్టుండేవి. రెండేళ్లలో తన లాగులు తనకే బిగుతయ్యాయి. ఇంకా పాతికేళ్ల మనిషి, బట్టల మూట ఎత్తితే ఆయాసపడ్డాడు.

అరవై ఐదు వర్షాకాలంలో కోటు కుట్టించుకోవడానికి వచ్చిన గురులింగప్ప, కొలత తీస్తున్న అతని చేతుల్ని పట్టుకుని ఆపాడు.

"ఒకన్ని బండిల ఎక్కించుకపోయిన. ఇంకొకన్ని నా చేత గాదు. నడువు డాక్టర్ కాడికి."

అమర్నాథ్ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి చూశాడు. మళ్లీ కొట్టి చూశాడు. బ్లడ్ ప్రెషర్ ఎక్కువుందన్నాడు. తిట్టలేదు. మీ అన్నకు ఒకసారి గడువు దొరికింది, నీకది దొరుకుతుందని నేను చెప్పలేనన్నాడు. ఆ మాట గురులింగప్పే వెళ్లి ఉమ్రావ్ బేగానికి చెప్పాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని విన్నది. పొయ్యి మీద ఉన్నదాన్ని దింపలేదు, కలపలేదు. మాడు వాసన వచ్చేదాకా అట్లాగే ఉంది.

మర్నాడు పొద్దున బుర్ఖా వేసుకుని వాకిట్లోకి వచ్చింది. "నన్ను రాయికోడ్ తోలుకపో," అంది.

ఇనాయత్ ఇంట్లో రఫియా కట్టెల పొయ్యి దగ్గర ఉంది. ఇరవై తొమ్మిదేళ్లకే కణతల దగ్గర జుట్టు నెరిసింది. అత్తగారిని చూసి లేచి సలాం చేసి చాప పరిచింది. చాయ్ ఇచ్చింది. ఖాతూన్ నాయనమ్మను గుర్తుపట్టలేదు. తల్లి వెనక నిలబడి చూసింది. చాయ్ చల్లారిపోయింది. రెండేళ్ల కింద తానన్న మాట గురించి ఉమ్రావ్ బేగం ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. తలెత్తి కోడలి ముఖం చూడకుండా, చాప అంచు గీరుతూ అడిగింది.

"వీనికి ఏం వండాలె? నాకు తెల్వదు. నువ్వు చెప్పు."

రఫియా గుమ్మంలో నిలబడ్డ ముఖ్తార్‌ను చూసింది. అతని మెడ, నడుం, జేబులో ఎత్తుగా ఉన్న సిగరెట్ పెట్టె, అన్నీ చూసింది. మాట్లాడితే గొంతు మామూలుగానే ఉంది.

"నెయ్యి వద్దు అమ్మీ. పాలు కాగినంక మీగడ తీసెయ్యున్రి."

"మీగడ తీసెయ్యాలె," అంది ఉమ్రావ్ బేగం.

"ఉప్పు సగం."

"ఎంత సగం? చూపియ్యి."

రఫియా లేచి లోపలినుంచి ఉప్పు డబ్బా తెచ్చింది. అత్తగారి అరచేతిలో కాస్త పోసి, అందులోంచి సగం వేలితో తీసేసింది. ఉమ్రావ్ బేగం ఆ మిగిలినదాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

ఆమె రమ్మని పిలవలేదు. రఫియా వస్తాననలేదు. సాయంత్రం బస్సులో ముఖ్తార్ పక్కన కూర్చుని ముసలామె పెదవులు కదుపుతూనే ఉంది. చదువు రాని మనిషి, విన్నవన్నీ మరిచిపోకుండా ఒక్కొక్కటే వల్లె వేసుకుంటోంది. జొన్నరొట్టె, పప్పు, చుక్కకూర, ఉప్పు సగం. మధ్యలో ఒకటి తప్పిపోయి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.